కోళ్ళ కాపలాకి కుక్క: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేయాలి

హోస్కోటె, మాలూరు, చింతామణి దారుల్లో ఎకరమో అరెకరమో కొనుక్కుని శనాదివారాలు అక్కడే గడిపే తెలుగువాళ్ళు బెంగళూరులో చాలామందే ఉన్నారు. బోరు పడ్డాక, కంచె లేచాక కోళ్ళు దిగుతాయి. కొందరు నాటుకోళ్ళు తెస్తారు, కొందరు హెబ్బాళ పశువైద్య కళాశాలలో తయారైన గిరిరాజ రకం తెస్తారు. నెల తిరక్కుండా కోళ్ళ లెక్క తగ్గుతుంది, అప్పుడు కుక్క గుర్తొస్తుంది. సిటీలో ఏదో షాపుకెళ్ళి ముద్దుగా ఉన్నదాన్ని తెచ్చుకుంటారు. అసలు తిప్పలు అక్కడి నుంచే.

మనిషి మీద ఎగబడే గుణం, కోడి పక్కన కుదురుగా పడుకునే గుణం ఒకే కుక్కలో దొరకడం కష్టం. కోళ్ళున్న ఇంటికి కావలసింది రెండోది. ఆ ఎంపిక తప్పడం వల్లే కింది సమస్యల్లో చాలా వరకు వస్తాయి.

సమస్య: కోళ్ళు మాయమవుతున్నాయి, కుక్కని తెస్తే ఆగుతుందా?

దొంగ ఎవరో ముందు తేలాలి. పట్టపగలు కోడిపిల్ల ఎగిరిపోతే అది గద్ద పని. పగలే మెడ దగ్గర కొరికి, గుడ్లు పగలగొట్టి పోతే ముంగిస. రాత్రిపూట కోడి మొత్తం పోయి కంచె దాకా ఈకల దారి మాత్రం మిగిలితే అడవి పిల్లిని అనుమానించండి. గుడ్డు పెంకుతో సహా లేకుండా పోతే పాము. చిన్న కోడిపిల్లలు ఒక్కొక్కటిగా తగ్గుతూ, షెడ్డు మూల మట్టి తవ్వినట్టుంటే పందికొక్కు. తెల్లారేసరికి పది కోళ్ళు చచ్చిపడి ఉండి, ఒక్కటీ తినకుండా వదిలేసి ఉంటే వీధి కుక్కలు.

వీటిలో వీధి కుక్కలు, అడవి పిల్లి, ముంగిస వరకే కుక్కతో పని. పాముకి, పందికొక్కుకి మందు షెడ్డే. అరంగుళం కన్నున్న వెల్డ్ మెష్ (ఇనుప జాలి) వేయాలి. అడుగున మెష్‌ని ఒక అడుగు లోతు పాతాలి, లేదా బయటికి మడిచి రాళ్ళు పేర్చాలి. చీకటి పడకముందే తలుపు గడియ వేయాలి. గద్దకి పైన వల చాలు. విషం పెట్టే ఆలోచన మాత్రం వద్దు. ముంగిస, అడవి పిల్లి రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. పైగా ఆ విషం తినేది ఎక్కువగా పక్కవాళ్ళ కుక్కే.

సమస్య: తెచ్చిన కుక్కే కోళ్ళని చంపుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. కారణాలు రెండు: ఒకటి జాతి, రెండోది వయసు.

ముధోళ్ కుక్క మన కర్ణాటకదే, బాగల్‌కోట్ వైపుది. 2005లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. చూడ్డానికి అందం, పరుగులో మెరుపు. కానీ కుందేలు కనబడితే వెంటపడమని తరతరాలుగా తయారుచేసిన వేటకుక్క అది. తమిళనాడు చిప్పిపారై, కన్ని కుక్కలదీ అదే కథ. రెక్కలు కొట్టుకుంటూ అడ్డంగా పరిగెత్తే కోడి వాటి కంటికి కుందేలే. జర్మన్ షెపర్డ్ మందని తరిమి అదుపుచేసే కుక్క, కాబట్టి తరమకుండా ఉండలేదు. లాబ్రడార్ కోపంతో చంపదు. నోట కరుచుకుని తోక ఊపుకుంటూ మీ దగ్గరికి తెస్తుంది, ఆ పాటికి కోడి భయంతోనే పోయి ఉంటుంది. డాబర్‌మన్ మనిషికి కాపలా కాయడానికి పుట్టించిన జాతి. ఇవేవీ చెడ్డ కుక్కలు కావు, వాటికి అప్పజెప్పిన పనే తప్పు.

మందకి కాపలా కాయడానికే పెంచిన జాతులు వేరే ఉన్నాయి. టర్కీలో కంగల్, ఇటలీలో మరెమ్మా, ఫ్రాన్స్-స్పెయిన్ సరిహద్దు కొండల్లో గ్రేట్ పిరనీస్. ఆస్ట్రేలియాలో వార్‌నంబూల్ దగ్గర మిడిల్ ఐలండ్‌లో నక్కల నుంచి చిట్టి పెంగ్విన్లని కాపాడటానికి 2006 నుంచి మరెమ్మా కుక్కలనే పెట్టారు. అది చదివి ఉత్సాహపడి వాటికి ఆర్డరిచ్చేవాళ్ళున్నారు. నా మాట అడిగితే వద్దంటాను. ఒత్తు బొచ్చు, మన వానాకాలం, పిడుదులు, ఈ మూడూ కలిస్తే నెలకోసారి డాక్టరు దగ్గరికి పరుగే. ఇక్కడ అమ్మేవి చాలావరకు షోకి పెంచినవే కాబట్టి వాటి తల్లిదండ్రులు మందని చూసి కూడా ఉండవు.

బాగేపల్లి, పావగడ వైపు గొర్రెలు కాసేవాళ్ళ మందల వెంట నడిచే నాటు కుక్కల్ని చూడండి. వాళ్ళలో చాలామంది తెలుగే మాట్లాడతారు. "అన్నా, మందతో తిరిగే కుక్క ఈనితే ఒక ఆడపిల్లనియ్యి" అని చెప్పి పెట్టుకోండి. తల్లి గొర్రెల మధ్య ఎలా మసలుతుందో కళ్ళారా చూసి తెచ్చుకునే వీలు అక్కడే ఉంటుంది. తర్వాత ఆపరేషన్ చేయిస్తే ఆడకుక్క ఇల్లు వదిలి ఊరంతా తిరగదు.

పిల్లని ఎంచుకునేటప్పుడు ఒక కోడిని చంకలో పెట్టుకెళ్ళి, కాళ్ళు వదలకుండా పట్టుకుని దాని ముందు రెక్కలు కొట్టుకోనివ్వండి. ఒళ్ళు బిగబట్టి, నోరు మూసి, ముందుకాలు ఒకటి గాల్లో ఆపి, రెప్ప వేయకుండా చూసే పిల్లని అక్కడే వదిలేయండి. దగ్గరికొచ్చి వాసన చూసి, కోడి ముక్కుతో పొడవగానే వెనక్కి తగ్గి మొహం పక్కకి తిప్పుకుని పడుకునేది దొరికితే తెచ్చేసుకోండి. ఒక ఈతలో పుట్టిన వాటిలో చలాకీ పిల్ల అని మనం మురిసేది తరచుగా మొదటి రకమే.

వయసు సంగతి. కుక్కపిల్ల తనవాళ్ళెవరో నేర్చుకునేది ముఖ్యంగా మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపు. అందుకే 8 వారాలకి తెచ్చి, కోళ్ళ షెడ్డుకి ఆనుకుని మెష్ అవతల దాని చోటు పెట్టాలి. వాసన, కూత, రెక్కల చప్పుడు అన్నీ అలవాటై రోజూ ఉండేవే కదా అన్నంత మామూలైపోవాలి. తర్వాత తాడు కట్టి మీరు పక్కనుండగా కోళ్ళ మధ్య తిప్పండి. వెంటపడబోతే తాడు ఆపి, గట్టిగా ఒక మాట, అంతే. 6 నుంచి 14 నెలల మధ్య అంతా బాగుందనుకున్న కుక్క కూడా ఆటగా ఒకటో రెండో కోళ్ళని పీకేస్తుంది. ఏడాదిన్నర దాటేదాకా ఒంటరిగా కోళ్ళతో వదలకండి. రెండు పిల్లల్ని ఒకేసారి తేవడం ఇంకో పొరపాటు, ఆ రెండూ కలిస్తే కోడి వాటికి బంతి.

చంపిన కోడిని కుక్క మెడకి కట్టి తిప్పితే బుద్ధొస్తుందని ఊళ్ళల్లో అంటారు. రాదు. కంపు కొడుతుంది, కుక్క ఏ కారణంతో శిక్ష పడిందో తెలియక మనిషికే భయపడుతుంది. పెద్ద కుక్క ఇప్పటికే రుచి మరిగి ఉంటే కోళ్ళకీ దానికీ మధ్య కంచె తప్పదు. గేటు దగ్గర పని ఇవ్వండి, షెడ్డు దగ్గర వద్దు.

సమస్య: రాత్రంతా మొరుగుతుంది, లేదా అసలు మొరగదు

పగలంతా గొలుసుకి కట్టేసిన కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది. పగలు నిద్ర, సాయంత్రం ఒక అరగంట పొలం చుట్టూ నడక, రాత్రి కంచె లోపల స్వేచ్ఛ. ఈ మూడూ ఇస్తే రెండు మూడు వారాల్లో మొరగడం పనికొచ్చే మేరకి వస్తుంది. అసలు మొరగని కుక్క సంగతి వేరు, దానికి ఆ చోటు తనదని అనిపించడంలేదు. శనివారం కారెక్కించి తీసుకొచ్చి ఆదివారం రాత్రి జయనగర్ ఫ్లాటుకి తీసుకెళ్ళిపోతే ఎలా అనిపిస్తుంది? కుక్క అక్కడే ఉండాలి, రోజూ అన్నం పెట్టే మనిషీ అక్కడే ఉండాలి. ఆ మనిషి సాధారణంగా వాచ్‌మన్. అతను పని మానేసి వెళ్ళిపోతే కుక్క కొన్నాళ్ళు దిగాలుపడుతుంది, కొత్త మనిషితో మీరు రెండు వారాలైనా కలిసి ఉండి అప్పగించాలి.

సమస్య: గుడ్లు తినేస్తోంది

గూళ్ళు నేల మీద ఉంటే తింటుంది. మూడడుగుల ఎత్తులో పెట్టండి, పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి ఏరండి.

సమస్య: కుక్క వచ్చాక గొర్రె తల వంచి గుండ్రంగా తిరుగుతోంది

ఇది చాలామందికి తట్టదు. చచ్చిన గొర్రె తలకాయని కుక్కకి వేస్తే, అందులో ఉన్న బద్దెపురుగు పిల్లలు కుక్క పేగుల్లో పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి, ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో నీటి సంచి పెరుగుతుంది. అలా తిరిగే గొర్రె తర్వాత పడిపోతుంది. ఇంకో రకం బద్దెపురుగు మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో కూడా సంచులు కడుతుంది. అందుకని కోసిన మేక, గొర్రె తలకాయ, పేగులు, కాలేయం పచ్చివి కుక్కకి వేయకండి, ఉడికించే పెట్టండి. ప్రాజిక్వాంటెల్ ఉన్న నులిపురుగుల మందు మూడు నెలలకోసారి, బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులో వేయించండి. ఆవులుంటే కుక్క మేత కుప్ప మీద పడుకోకుండా చూడాలి. కుక్క మలం కలిసిన మేత వల్ల ఆవులు ఈచుకుపోయే (చూడి నిలవక పడిపోయే) జబ్బు ఒకటుంది.

రేబిస్ టీకా మూడో నెలలో, ఆపై డాక్టరు చెప్పిన బూస్టర్, తర్వాత ఏటా. వీధి కుక్కలతో కలబడే కుక్కకి ఇది వాయిదా వేసే పని కాదు. పిడుదులకి మందు నెలనెలా అవసరమవుతుంది, పిడుదు జ్వరం బెంగళూరు చుట్టుపక్కల కుక్కల్ని బాగా బాధపెడుతోంది. తినడం మానేసి చిగుళ్ళు తెల్లబడితే ఆ రోజే చూపించండి.

సమస్య: కనకపుర, మాగడి, బన్నేరుఘట్ట వైపు పొలం, కుక్కే కనబడటంలేదు

చిరుతకి కుక్క ఇష్టమైన తిండి. రాత్రి బయట గొలుసుకి కట్టేసిన కుక్క దానికి ఎర అవుతుంది. హిమాలయాల్లో గొర్రెల కాపర్లు కుక్క మెడకి ఇనుప ముళ్ళ పట్టీ వేస్తారు, మెడ పట్టుకోనివ్వదని. ఇక్కడ అంతకంటే తేలికైన దారి ఉంది: నాలుగు వైపులా, పైనా మెష్ ఉన్న గది, లోపలినుంచి వాసన తగిలి మొరిగేలా షెడ్డుకి ఆనించి కట్టండి. చీకటి పడ్డాక కుక్క అందులోనే ఉండాలి. చిరుత జాడ కనబడిందంటే అటవీ శాఖకి కబురు చేయండి, రెండో కుక్కని తెచ్చేముందు డబ్బంతా షెడ్డు తలుపు మీద పెట్టండి.