సర్జ్ ప్యాంటు మీద మెరుపు పోవాలంటే

సర్జ్ అంటే ఏటవాలు గీతల నేత ఉన్న ఉన్ని గుడ్డ. గట్టిదే గానీ, కూర్చునే చోటా మోచేతుల దగ్గరా రాపిడికి పోగులు అణిగి అద్దంలా మెరుస్తుంది. నల్లకోట్ల మీద మరీ కొట్టొచ్చినట్టు.

గ్లాసు నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, పాత పంచె ముక్క ముంచి గట్టిగా పిండండి. మెరిసే చోట పరిచి, ఉలెన్ వేడిలో ఇస్త్రీపెట్టెను అద్ది అద్ది తీయండి. జరిపారంటే మళ్లీ మెరుపే. ఆవిరి పోకముందే పంచె ముక్క తీసేసి, మెత్తటి బ్రష్‌తో ఎదురు దువ్వండి. వాసన ఆరాక పోతుంది.

ముందు లోపలి మడత మీద చేసి చూసుకోండి. పాలిస్టర్ కలిసిన గుడ్డకు ఇది పెద్దగా పనిచేయదు. అనుమానముంటే లోపలి పోగొకటి లాగి కాల్చండి: ఉన్నయితే జుట్టు కాలిన కంపు, నలిపితే పొడయ్యే బూడిద, పాలిస్టరయితే గట్టి పూస. ఇక వెలుతురుకు పెడితే అవతల కనిపించేంత అరిగిందంటే దర్జీ దగ్గరకే.