శ్రీశైలం ఘాట్ ఎక్కేముందు ఇంజిన్ లైటు సంగతి తేల్చుకోండి

శివరాత్రి దగ్గరపడితే పాలమూరు, నల్లగొండ వైపు నుంచి ఎన్నో కార్లు శ్రీశైలం బాట పడతాయి. డిండి, హాజీపూర్ దాకా దారి పెద్దగా ఇబ్బంది పెట్టదు, బండిలో చిన్న లోపం ఉన్నా బయటపడదు. మన్ననూర్ దాటి నల్లమల ఎక్కుతున్నప్పుడే మీటర్ల మధ్య పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. ఎత్తు అయిపోగానే బండి మళ్లీ మామూలుగా లాగుతుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. దయచేసి అలా వదిలేయకండి.

ఎత్తు మీద ఇంజిన్‌కు లోడు పెరుగుతుంది. ఇంధనం, గాలి ఎక్కువ కావాలి, స్పార్క్ గట్టిగా పడాలి. అరిగిన ప్లగ్గు, దానికి కరెంటు అందించే కాయిల్ నీరసించినా చదును రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తాయి, ఎత్తులో మిస్ కొడతాయి, అంటే ఇంధనం సరిగా మండదు. ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయినా అంతే. డీజిల్ బండ్లలో టర్బో గాలి గొట్టం పగిలితే పికప్ పడిపోతుంది, నల్లపొగ కూడా రావచ్చు.

అందుకే లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయినా, ప్రయాణానికి వారం ముందే మెకానిక్ దగ్గర స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం) పెట్టించండి. లైటు ఆరినా కోడ్, అంటే లోపాన్ని సూచించే నంబరు, కొంతకాలం మెమరీలో ఉంటుంది. మెకానిక్ కోడ్ చెరిపేసి "అయిపోయిందన్నా" అంటే ఒప్పుకోకండి, కారణం అడగండి. కోడ్‌ని బట్టి లోపం ఎటువైపు ఉందో తెలుస్తుంది గానీ ఏ పార్టు పోయిందో ప్రతిసారీ తెలియదు. చెక్ చేయకుండా సెన్సర్ మార్పిస్తే డబ్బులు దండగ.

దారిలో వెలిగితే రంగు చూడండి. పసుపు లైటు నిలకడగా ఉండి, బండి బాగానే లాగుతుంటే ఏసీ ఆపి, గేరు తగ్గించి నిదానంగా వెళ్లొచ్చు. టాప్ గేర్‌లో ఎక్సలేటర్ తొక్కి బలవంతంగా లాగించొద్దు. అదే లైటు మినుకుమినుకుమంటుంటే ఇంజిన్ మిస్ కొడుతోంది, కాలని పెట్రోలు సైలెన్సర్ లైన్‌లో పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. వెంటనే వేగం తగ్గించి, వీలైన చోట ఆపేయాలి.

ఎర్ర రంగు ఆయిల్ డబ్బా బొమ్మ వస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా నడపొద్దు. ఇంజిన్ ఆయిల్ తక్కువగా ఉంటే, ఎత్తులో అది ఒక పక్కకు జరిగి పంపుకు అందదు, బేరింగులు పట్టేస్తాయి. ఇంటి దగ్గర చదును నేల మీద, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కడ్డీ తీసి చూసుకుంటే ఈ ముప్పే ఉండదు. కూలెంట్ కూడా అప్పుడే చూడండి, వేడిమీద మూత తీయొద్దు.

ఆపాల్సి వస్తే మలుపులో కాకుండా వెడల్పు చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రం వెనక రాయి పెట్టండి. అది పులుల అడవి, పిల్లల్ని దిగనివ్వకండి. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, రాత్రిపూట అడవి దారి మూసేస్తారు. ట్యాంకు అచ్చంపేట వైపే నింపుకుని పొద్దున్నే బయలుదేరండి.