ఫ్యాక్టరీకీ ఇళ్లకీ మధ్య గ్రీన్‌బెల్ట్: ఒప్పుకునే ముందు జాగ్రత్తలు

మీ ఇళ్ల వైపు గ్రీన్‌బెల్ట్ (దుమ్ము ఆపే చెట్ల పట్టీ) పెంచుతామని ఫ్యాక్టరీ వాళ్లు అంటే, కాలనీ తరఫున సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• పర్యావరణ అనుమతిలో సాధారణంగా ఇంత శాతం పచ్చదనం అని ఉంటుంది. అది ఫ్యాక్టరీ మొత్తం స్థలానికి లెక్క. మీ ఇళ్ల వైపు ఎన్ని మీటర్లో విడిగా రాయించుకోండి. తర్వాత టేపు పట్టి కొలవండి.

• గాలి ఏ కాలంలో ఎటు వీస్తుందో చూడండి.

• ఒక్క వరస చెట్లు చాలవు. నేల దగ్గర ఖాళీ ఉంటే దుమ్ము కిందనుంచే వచ్చేస్తుంది. కానుగ, వేప, నేరేడు పెట్టి, వాటి కింద పొదలు దట్టంగా ఉంచాలి. దగ్గర్లోని కానుగ ఆకును వేలితో తుడిచి చూడండి, ఎంత దుమ్ము ఆపుతుందో తెలుస్తుంది.

• కోనోకార్పస్ వద్దు. త్వరగా పెరుగుతుంది నిజమే, కానీ వేళ్లు పైపుల్లోకి దూరతాయి.

• వేసవిలో నీళ్లు పోసేది ఎవరు? పేరు రాయించండి.

• అన్నిటికన్నా ముఖ్యం: చెట్లు విషవాయువును ఆపలేవు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి ఇళ్లలోకి వచ్చింది. అది గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది. 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రమాదకర రసాయనాలుంటే చెట్లతో పాటు దూరం, సైరన్, బయటపడే దారి కూడా అడగండి.