లినక్స్‌లో డయలప్ కలవకపోతే: కింది నుంచి పైకి వెతకండి

డయలప్ అంటే ఫోన్ లైన్ మీదుగా ఇంటర్నెట్. అందులో అన్నిటికంటే కింద మోడెమ్, దాని మీద పీపీపీ (ఆ లైన్ మీద నెట్ డేటా నడిపే పద్ధతి), ఆ పైన రూటింగు (డేటా ఏ దారిన వెళ్లాలో చెప్పేది), డీఎన్ఎస్ (పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చేది). లోపాన్ని ఈ వరుసలోనే వెతకాలి. మోడెమ్ సంగతి తేలకుండా /ఈటీసీలోని సెట్టింగుల ఫైళ్లు మార్చడం మొదలుపెడితే బాగున్నవీ చెడతాయి.

పీపీపీని నడిపే ప్రోగ్రామ్ పీపీపీడీని ఆపి, మోడెమ్‌తో నేరుగా మాట్లాడే మినీకామ్ తెరవండి. మొదటి సీరియల్ పోర్టు /డెవ్/టీటీవైఎస్0, యూఎస్‌బీ మోడెమ్ అయితే సాధారణంగా /డెవ్/టీటీవైఏసీఎం0. పోర్టే తెరుచుకోకపోతే అనుమతి లేనట్టు. డెబియన్‌లో మీ యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చండి. పోర్టు వాడుకలో ఉందని చెప్పే పాత లాక్ ఫైలు మిగిలిపోయినా ఇదే జరుగుతుంది. అందులో నంబరున్న ప్రాసెస్ ఇప్పుడు నడవడం లేదని చూసుకున్నాకే దాన్ని తీసేయండి. తెరుచుకున్నాక ఏటీ (మోడెమ్‌ను పలకరించే ఆదేశం) కొడితే ఓకే రావాలి. రాకపోతే పోర్టు తప్పు, లేదా అది డ్రైవర్ లేకుండా కదలని విన్‌మోడెమ్. దానితో కుస్తీ పట్టేకంటే బయటి సీరియల్ మోడెమ్ నయం.

ఏటీడీటీ పక్కన నంబరు కొట్టి డయల్ చేయండి. నో డయల్‌టోన్ అంటే తీగ మోడెమ్ లైన్ సాకెట్‌లో కాక ఫోన్ సాకెట్‌లో ఉందేమో చూడండి. మామూలు ఫోన్‌లో టోన్ వినిపిస్తున్నా ఇదే వస్తే ముందు ఏటీఎక్స్3 ఇవ్వండి, మోడెమ్ టోన్ కోసం ఆగదు.

కనెక్ట్ వచ్చాక తెర మీద ఏం కనిపిస్తుందో గమనించండి. చాలా చిక్కులు ఇక్కడే తేలిపోతాయి. లాగిన్ అని అడిగితే పేరు, పాస్‌వర్డ్ చాట్ స్క్రిప్టు (డయల్ చేసి లాగిన్ దాకా నడిపించే ఆదేశాల వరుస) పంపాలి. మీసాల బ్రాకెట్లతో అర్థంకాని అక్షరాలు వస్తే అవతల పీపీపీ అప్పటికే మొదలైంది. స్క్రిప్టులోంచి లాగిన్ వరుసలు తీసేసి పాప్ (PAP, పీపీపీలోనే పేరు, పాస్‌వర్డ్ పంపే పద్ధతి) వాడండి. పాప్-సీక్రెట్స్ ఫైల్లోని పేరు, పీపీపీడీ యూజర్ ఆప్షన్‌లోని పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. పాస్‌వర్డ్‌లో # ఉంటే కోట్స్ పెట్టాలి.

ఇప్పుడు పీపీపీడీని డీబగ్, నోడిటాచ్ ఆప్షన్లతో నడపండి. ఆగిపోయాక ఎకో $? కొడితే ఎగ్జిట్ కోడ్ వస్తుంది: 8 అయితే చాట్ స్క్రిప్టు తప్పింది, 16 అయితే మోడెమ్ లైన్ వదిలేసింది, 19 అయితే అవతలివాళ్లు మీ పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదు. ఎల్‌సీపీ (పీపీపీ లింకును మొదలుపెట్టే భాగం) అభ్యర్థనలు వెళ్తూనే ఉండి జవాబు రాకపోతే అవతల పీపీపీ ఇంకా మొదలవలేదు. మీరు పంపిందే తిరిగొచ్చి, లాగ్‌లో లూప్డ్ బ్యాక్ అని కనిపించినా, చాలాసార్లు కారణం అదే.

అవతలి సిస్టమ్ తననుతాను ధ్రువీకరించుకోవాలన్న ఎర్రర్ వస్తే మీ యంత్రంలో ఈథర్నెట్ ద్వారా డిఫాల్ట్ రూట్ (బయటికి వెళ్లే మామూలు దారి) ముందే ఉందేమో చూడండి. నోఅథ్ ఆప్షన్ (అవతలివాళ్లను ధ్రువీకరణ అడగొద్దని) పెడితే ఎర్రర్ పోతుంది గానీ, ఆ పాత రూట్ తీసేదాకా డిఫాల్ట్‌రూట్ ఆప్షన్ పనిచేయకపోవచ్చు. అందుకని రూటే తీసేయండి.

పీపీపీ0కి (డయలప్ కలిశాక ఏర్పడే నెట్ ఇంటర్‌ఫేస్) అడ్రసు వచ్చాక ముందు అవతలి ఐపీని, తర్వాత బయటి ఐపీని, చివరికి ఒక పేరును పింగ్ చేయండి (జవాబిస్తుందో లేదో పరీక్షించే ఆదేశం). పేరు దగ్గరే ఆగితే యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఆప్షన్ పెట్టి, అవతలి నుంచి వచ్చిన డీఎన్ఎస్ సర్వర్లు /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్‌లోకి చేరాయో లేదో చూడండి. అన్నీ పనిచేస్తూ పెద్ద ఫైళ్ల దగ్గర మాత్రం నత్తనడక నడిస్తే సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆప్షన్ (మోడెమ్, కంప్యూటర్ మధ్య డేటా జోరును అదుపు చేసేది) మరిచిపోయి ఉంటారు.