కార్పొరేటర్ బంధువుకే కాంట్రాక్టు దక్కిందా? అనుమానాన్ని ఫిర్యాదుగా మార్చడం ఎలా?

సైడు కాలువ పని మొదలైన రోజే టీ బడ్డీ దగ్గర మాట పుడుతుంది: "ఈ పని కార్పొరేటర్‌గారి బావమరిదిదేనంటగా!" బెజవాడలోనైనా, గుంటూరులోనైనా ఇదే తంతు. సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపులోకి ఎక్కుతుంది, వారం తిరిగేసరికి అందరూ మర్చిపోతారు. ఆ కాలువకు పెట్టింది మనం కట్టిన ఇంటి పన్ను డబ్బు. అందుకే ఆ మాట నిజమో కాదో కాగితాల మీద తేల్చుకోవాలి. దీనికి లాయరే కానక్కర్లేదు, ఓపిక ఉన్న ఎవరైనా చేయొచ్చు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. ఈ రెండు నగరాలకూ వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం కార్పొరేటర్‌కు కార్పొరేషన్ కాంట్రాక్టులో వాటా ఉండకూడదు. ఆ వాటా నేరుగా ఉన్నా, పరోక్షంగా ఉన్నా, తన పేరున ఉన్నా, వ్యాపార భాగస్వామి ద్వారా ఉన్నా పదవికి అనర్హుడవుతాడు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. బావమరిది కాంట్రాక్టరైతే అదొక్కటే నేరం కాదు. సొంత లైసెన్సుతో, సొంత పెట్టుబడితో, అందరితో పాటు టెండరు వేసి తక్కువ రేటుకు పని దక్కించుకున్నవాడిని బంధుత్వం చూపించి దోషి అనలేం. ఆ ఫర్మ్‌లో కార్పొరేటర్‌కు వాటా ఉందా, ఆ పని మంజూరులో ఆయన చెయ్యి ఉందా అన్నవే మీరు వెతకాల్సిన రెండు విషయాలు.

పని వివరాలు రాబట్టండి

ముందు వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల పనులు చూసే ఎమెనిటీస్ సెక్రటరీని కలవండి. పని పూర్తి పేరు, ఎస్టిమేట్ ఎంత, టెండరు పిలిచారా లేక నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా ఒకరికి ఇచ్చారా అని అడగండి. నామినేషన్ పని అయితే ఇంకాస్త గట్టిగా చూడాలి, ఎందుకంటే అక్కడ పోటీ ఉండదు. టెండరు పిలిచిన పనైతే రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో వెతకండి.

ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగం పౌర సమాచార అధికారి పేరున తెల్లకాగితం మీద రాసి, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేస్తే చాలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఆ ఫీజు కూడా లేదు, కార్డు జిరాక్సు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఈ దరఖాస్తులో కార్పొరేటర్ పేరు గానీ, మీకు అనుమానం ఉన్న ఒక్క పని పేరు గానీ రాయకండి. డివిజన్‌లో గత రెండేళ్లలో జరిగిన పనులన్నీ అడగండి. అప్పుడు మీరు దేని వెంట పడ్డారో ఎవరికీ తెలియదు, ఏ ఫర్మ్‌కు ఎన్నిసార్లు పని దక్కిందో కూడా బయటపడుతుంది. ఎందుకు, ఎలా అని ప్రశ్నలు వేస్తే "అది సమాచారం కిందకు రాదు" అని తిప్పి పంపిస్తారు. అందుకే కాగితాలే అడగండి, ఇలా:

"ఫలానా డివిజన్‌లో గత రెండు ఆర్థిక సంవత్సరాలలో చేపట్టిన ఇంజనీరింగ్ పనుల జాబితా, ఒక్కో పనికి ఎస్టిమేట్, టెండరులో పాల్గొన్నవారి తులనాత్మక పట్టిక, వర్క్ ఆర్డర్, అగ్రిమెంట్, ఎం-బుక్, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇప్పించగలరు. ఆ రికార్డులను స్వయంగా పరిశీలించేందుకు అనుమతించగలరు."

చివరి వాక్యం తప్పకుండా రాయండి. రికార్డుల పరిశీలన మీ హక్కు, మొదటి గంటకు ఫీజు ఉండదు. ఎం-బుక్ అంటే ఇంజనీరు కొలతలు రాసే పుస్తకం. అందులో ఒక్కో వరుసలో పొడవు, వెడల్పు, లోతు, పక్కన తేదీ, సంతకం ఉంటాయి. ఆ పేజీ నకలు తీసుకుని టేపుతో వెళ్లి మీ వీధి కాలువ కొలవండి. పుస్తకంలో 120 మీటర్లు అని రాసి, నేల మీద 95 మీటర్లే తేలితే ఆ 25 మీటర్ల తేడా బంధుత్వం కన్నా బలమైన సాక్ష్యం. టేపు పరిచి ఫోటో తీసేటప్పుడు పక్కన ఇంటి నంబరు కనపడనివ్వండి. ఫోటోలు ఎడిట్ చేయొద్దు, తీసిన ఫోన్ భద్రంగా ఉంచుకోండి.

జవాబు రాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలామంది మొదటి మౌనానికే వదిలేస్తారు. దయచేసి మీరు వదలొద్దు.

ఫర్మ్ వెనక ఎవరున్నారు?

అగ్రిమెంటు మీద జీఎస్‌టీ నంబరు ఉంటే జీఎస్‌టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. సొంత వ్యాపారమైతే యజమాని పేరు, ఆఫీసు అడ్రసు వస్తాయి. భాగస్వామ్య సంస్థ అయితే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో భాగస్వాముల వివరాలు దొరుకుతాయి, కంపెనీ అయితే డైరెక్టర్ల పేర్లు కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఉంటాయి. ఎన్నికల్లో నామినేషన్ వేసేటప్పుడు కార్పొరేటర్ ఇచ్చిన ఆస్తుల అఫిడవిట్ తీసి వీటి పక్కన పెట్టండి. ఆయన సొంత భవనమే ఫర్మ్ ఆఫీసు అడ్రసు అయిందా? ఆయన భాగస్వామిగా చూపించిన వ్యాపారంలో ఈ కాంట్రాక్టరూ ఉన్నాడా?

కౌన్సిల్ సమావేశం మినిట్స్ కూడా తీసుకోండి. తనకు లాభం ఉన్న అంశం మీద సభ్యుడు చర్చలో గానీ, ఓటింగులో గానీ పాల్గొనకూడదు. ఆ రోజు ఆయన హాజరయ్యారా, తీర్మానాన్ని ప్రతిపాదించింది ఎవరు అన్నది అందులో తెలుస్తుంది.

ఇవన్నీ తేదీల వారీగా ఒకే పేజీ మీద రాసుకోండి: ఫర్మ్ ఎప్పుడు పుట్టింది, తీర్మానం ఎప్పుడు, వర్క్ ఆర్డర్ ఎప్పుడు, బిల్లు ఎప్పుడు పడింది. ఎన్నికలయ్యాక మూడు నెలలకు పుట్టిన ఫర్మ్‌కు వరసగా అదే డివిజన్‌లో పనులు దక్కితే, ఆ పేజీ చూసిన అధికారికి మీరు వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఫిర్యాదు

కాగితాలు చేతికొచ్చాక కార్పొరేటర్‌గారికి ఒక ఉత్తరం రాసి వివరణ అడగండి. కొందరు ఇది వద్దంటారు. నా మటుకు అడగడమే న్యాయం అనిపిస్తుంది, ఆయన దగ్గర సరైన జవాబు ఉండొచ్చు కదా. కాగితాలు ముందే మీ దగ్గర ఉన్నాయి కాబట్టి మీకు పోయేదీ లేదు.

తర్వాత కమిషనర్‌కు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. రెండో కాపీ మీద కార్పొరేషన్ ఆఫీసులోని తపాలా విభాగం ముద్ర వేయించుకోండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే ఆన్‌లైన్ నంబరు కూడా వస్తుంది. లంచం, దొంగ బిల్లులు లాంటివి కనిపిస్తే అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) చెప్పండి, టోల్‌ఫ్రీ 1064. అవినీతి నిరోధక చట్టం దృష్టిలో కార్పొరేటర్ కూడా ప్రజాసేవకుడే. అధికారుల పాత్ర ఉంటే లోకాయుక్తకు అఫిడవిట్‌తో రాయొచ్చు.

ఫిర్యాదులో "దోచుకున్నాడు", "దొంగ" అనే మాటలు వద్దు. "ఫలానా తేదీ తీర్మానంలో ఆయన పాల్గొన్నారు, ఫలానా ఫర్మ్‌లో ఆయన భాగస్వామి ఉన్నారు, నకళ్లు జతపరిచాను, విచారణ జరపగలరు" అంటే సరిపోతుంది. విచారణ తేలకముందే ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి రాస్తే భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువు నష్టం కేసు మీ మెడకు చుట్టుకోవచ్చు. ఒక్కరే వెళ్లకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫునో, వీధిలో పదిమంది సంతకాలతోనో ఇస్తే ఇంటిమీదకు వచ్చి బెదిరించడానికి వెనకాడతారు, ఇంట్లోవాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది.

పని ఇంకా నడుస్తుంటే అన్నిటికన్నా ముందు కమిషనర్‌కు ఒక చిన్న అర్జీ పెట్టండి: నాణ్యత పరీక్ష, కొలతల పరిశీలన స్థానికుల సమక్షంలో జరిగేదాకా తుది బిల్లు ఆపాలని. బిల్లు పడ్డాక ఆ డబ్బు వెనక్కి రప్పించడం చాలా కష్టం.