చవితి పందిట్లో మైకు సెట్టు: ఫోను, లాప్‌టాప్, కీబోర్డు ఒకే స్పీకర్లకు కలిపేముందు

చవితి పది రోజుల్లో ఉందనగా మా వీధి కుర్రాళ్ళు విగ్రహం ఎత్తు గురించీ, ప్రసాదం వంతుల గురించీ గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. మైకు సెట్టు సంగతి మాత్రం ముందురోజు రాత్రి దాకా ఎవరికీ గుర్తుకు రాదు. అద్దెకు తెచ్చిన ఆంప్లిఫైయరూ, రెండు బాక్సులూ దింపి, వైర్లు తగిలించి, ‘హలో, మైక్ టెస్టింగ్’ అనగానే పని అయిపోయిందనుకుంటాం. అసలు తంటా మర్నాడు సాయంత్రం మొదలవుతుంది. పంతులుగారి మైకు ఉండాలి. పూజకు ముందు ఫోన్లో పాటలు పెట్టాలి. పిల్లల డాన్సు పాటలన్నీ ఒకరి లాప్‌టాప్‌లో ఉంటాయి. భజన బృందం వాళ్ళు కీబోర్డు పట్టుకుని వస్తారు. స్పీకర్లు మాత్రం అవే రెండు. పదేళ్ళుగా పందిట్లో ఆ వైర్ల పక్కన కూర్చున్నవాణ్ణి కాబట్టి, ముందే చూసుకోవాల్సినవి చెబుతాను.

ముందు ఆంప్లిఫైయర్ వెనక్కి తిప్పి చూడండి. పందిళ్ళకు అద్దెకిచ్చే రకంలో సాధారణంగా మూడు నాలుగు మైకు గుంటలు, ఫోన్ లాంటివి కలిపే ‘ఆక్స్’ గుంటలు ఒకటో రెండో ఉంటాయి. ముందువైపు ఒక్కోదానికీ ఒక్కో నాబ్ ఉంటుంది. అంటే వేర్వేరు శబ్దాలను కలిపే చిన్న మిక్సర్ అందులోనే ఉందన్నమాట. రెండు మైకులూ, ఒక ఫోనూ చాలనుకుంటే వేరే ఏదీ కొనక్కర్లేదు. ఆక్స్ ఒక్కటే ఉండి, దానికి ఫోనూ లాప్‌టాపూ రెండూ కావాల్సి వచ్చినప్పుడే ఎవరో ఒకరు కొట్టుకు పరిగెత్తి రెండు కొమ్మల వైరు తెస్తారు. అక్కడ ఆగండి.

ఆ వైరు ఒక ఫోన్ పాటను రెండు చోట్లకు పంచడానికి చేసింది. దాన్ని తిరగేసి రెండు ఫోన్లను ఒక గుంటలోకి గుచ్చితే, ఒక ఫోన్ పంపే సిగ్నల్ ఆంప్లిఫైయర్‌లోకే కాకుండా రెండో ఫోన్ అవుట్‌పుట్‌లోకీ దూరుతుంది. పాట పంపే పరికరాల అవుట్‌పుట్‌కు నిరోధం చాలా తక్కువ, అందుకే ఒకదానికొకటి బరువైపోతాయి. పాట సన్నబడుతుంది, గరగరలాడుతుంది. ఒక్కోసారి అవుట్‌పుట్ పాడవుతుంది కూడా. ‘మేం ఎన్నోసార్లు అలాగే పెట్టాం, ఏమీ కాలేదు’ అనేవాళ్ళు ఉంటారు. నిజమే, చాలాసార్లు ఏమీ కాదు. కాలిపోయిన రోజున ఆ లాప్‌టాప్ ఎవరిదో వాళ్ళకే తెలుస్తుంది.

దీనికి విరుగుడు నాలుగు చానెళ్ళ చిన్న మిక్సర్. అది కూడా అద్దెకు దొరుకుతుంది. ఫోనూ లాప్‌టాపూ ఒకేసారి మోగనక్కర్లేదనుకుంటే, ఇది లేదా అది అని తిప్పే సెలెక్టర్ స్విచ్ చాలు. సోల్డరింగ్ వచ్చిన కుర్రాడు ఉంటే, ఒక్కో సిగ్నల్ వైరులో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి ఆ తర్వాతే రెండు వైర్లను కలపొచ్చు. శబ్దం కొంచెం తగ్గుతుంది గానీ ఒకదాని సిగ్నల్ ఇంకోదాన్ని తొక్కెయ్యదు.

ఇంకో తప్పు దీనికన్నా ప్రమాదం. అద్దె ఆంప్లిఫైయర్‌కు మైకులు పెట్టి, ఇంట్లోని హోమ్ థియేటర్ ఆంప్లిఫైయర్‌కు పాటలు పెట్టి, రెండింటి స్పీకర్ వైర్లనూ ఒకే బాక్సుకు బిగించడం. ఇది ఎప్పుడూ చేయకూడదు. ఒకదాని శక్తి తిన్నగా రెండోదాని అవుట్‌పుట్‌లోకి పోతుంది, ట్రాన్సిస్టర్లు మాడిపోతాయి. ఒకటి ఆఫ్‌లో ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు, ఆఫ్‌లో ఉన్నదాన్నీ రెండోది వెనకనుంచి తోస్తుంది. పాటలూ మైకులూ ఎన్నయినా కలపండి, కానీ ఆ కలిపేదేదో ఆంప్లిఫైయర్‌కు ముందే కలపాలి. ఆంప్లిఫైయర్ దాటాక కలపడానికి ఏమీ లేదు. హోమ్ థియేటర్ బాక్సులను తెచ్చి పందిరి ఆంప్లిఫైయర్ వెనక ‘100 వోల్ట్’ అని రాసి ఉన్న చోట బిగించడమూ ఇలాంటిదే. అది దూరాన కట్టే లౌడ్ స్పీకర్ల కోసం, వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. 8 ఓమ్ బాక్సు 8 ఓమ్ చోటే ఉండాలి. రెండు 8 ఓమ్ బాక్సులను పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే అది 4 ఓమ్ లెక్క.

ఇప్పుడు మా పందిట్లో జరిగింది చెబుతాను. ఒక ఏడాది పిల్లల డాన్సుకు లాప్‌టాప్‌ను మిక్సర్ మైకు గుంటకు కలిపాం. ఒక కొసన హెడ్‌ఫోన్ పిన్ను, రెండో కొసన మైకుల మూడు కాళ్ళ పిన్ను ఉన్న వైరు అది. పాట మొదలైంది. తబలా వినిపిస్తోంది, వయొలిన్ వినిపిస్తోంది, పాడేవాళ్ళ గొంతు లేదు! పిల్లలు స్టేజీ మీద నోళ్ళు తెరిచి నిలబడ్డారు. ‘అన్నా, ఇది కరోకేనా?’ అని ఎవరో అరిచారు. పాట ఫైలే పాడైందనుకుని ఇంకో పాట పెట్టాం, అదీ అంతే. సంగతి ఏమిటంటే, అలాంటి వైర్లలో చాలావాటికి పాట ఎడమ సగం ఒక కాలికీ, కుడి సగం ఇంకో కాలికీ పోతుంది. మైకు గుంట ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది. గొంతు రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి తేడాలో సున్నా అయిపోతుంది. అప్పటినుంచి ఫోన్, లాప్‌టాప్ అంటే ఎర్ర తెల్ల పిన్నుల వైరు తీసుకుని, మిక్సర్‌లో స్టీరియో చానెల్‌కే పెడుతున్నాం. ఆ రెండు పిన్నుల్లో ఒక్కటే గుచ్చి వదిలేసినా సగం పాటే వస్తుంది.

మైకు గుంటతో ఇంకో చిక్కుంది. చాలా మిక్సర్లలో ‘ఫాంటమ్’ అనే మీట ఉంటుంది. కరెంటు అందితేనే పనిచేసే కండెన్సర్ మైకుల కోసం అది 48 వోల్టులను అదే వైరులోంచి వెనక్కి పంపుతుంది. ఆ గుంటకు మామూలు వైరుతో ఫోన్ తగిలించి ఉంటే ఆ వోల్టులు ఫోన్‌లోకే పోతాయి. పందిట్లో వాడే చేతి మైకులకు అది అక్కర్లేదు. మీటను ఆపేసి, పైన టేపు ముక్క అంటించండి. మెరిసే మీట కనబడితే నొక్కకుండా ఉండలేని పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు.

అన్నీ తగిలించాక ‘గూం...’ అని ఆగకుండా వినబడితే, లాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే. ఎర్త్ రెండు దారుల్లో కలిసి చుట్టులా ఏర్పడి, కరెంటులోని 50 హెర్ట్‌జ్ మోత ఆడియో వైరులోకి ఎక్కుతోంది. కార్యక్రమం చిన్నదైతే బ్యాటరీ మీదే నడపండి. పెద్దదైతే లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ఆడియో వైరులో ఐసొలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చిన్న డబ్బా పెట్టండి. మిక్సర్, ఆంప్లిఫైయర్, లాప్‌టాప్ అన్నీ ఒకే జంక్షన్ బాక్సులోంచి, సీరియల్ లైట్లు వేరే చోటి నుంచి కరెంటు తీసుకుంటే మోత చాలావరకు తగ్గుతుంది. ప్లగ్గులోని మూడో కాలు, అదే ఎర్త్ కాలు, తీసేస్తే మోత ఆగుతుందని కొందరు సలహా ఇస్తారు. ఆగుతుంది కూడా. కానీ వాన నీళ్ళలో తడిసిన నేల మీద నిలబడి పంతులుగారు పట్టుకునేది ఆ సెట్టుకు కలిపిన మైకునే. ఆ పని ఎవరూ చేయకుండా చూడండి.

చవితి వచ్చేది భాద్రపదంలో, వానల్లో. జంక్షన్ బాక్సు నేల మీద కాకుండా బల్ల మీద ఉండాలి, పైన రేకో పట్టానో ఉండాలి. విద్యుత్ శాఖ దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకుని, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటును చటుక్కున ఆపేది ఆర్‌సీసీబీయే. స్తంభం తీగకు కొక్కెం తగిలించడం గురించి చెప్పాల్సిన పని ఉండకూడదు గానీ, ఏటా చెప్పాల్సి వస్తోంది.

రోజూ ఆన్ చేసేటప్పుడు ఫోన్, మిక్సర్ ముందు, ఆంప్లిఫైయర్ చివర. ఆపేటప్పుడు ఆంప్లిఫైయర్ ముందు. తిరగేస్తే ‘ధబ్’ మన్న దెబ్బ స్పీకర్ కోన్‌కు తగులుతుంది. కరెంటు పోగానే ఆంప్లిఫైయర్ స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోండి. జనరేటర్ అందుకునే లోపు వోల్టేజీ ఎలా ఆడుతుందో చెప్పలేం.

పాటల ఫోన్ వేరుగా ఉంచితే మంచిది. లేకపోతే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. హారతి మధ్యలో లోన్ కావాలా అని అడిగే కాల్ వీధంతా వినిపించిన పందిరి మాది. బ్లూటూత్ నాకు నచ్చదు. ఎవరి ఫోనో దానికి కలిసిపోతుంది, మనిషి పది అడుగులు పక్కకు వెళ్తే పాట తెగుతుంది. కీబోర్డు వాయించేవాళ్ళకైతే అసలు కుదరదు, మీట నొక్కిన కాసేపటికి స్వరం వస్తుంది. వాడని మైకుల నాబ్‌లు కిందకి దించి ఉంచండి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైతే, కుయ్యిమనకుండా పెంచుకోగల శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆంప్లిఫైయర్ మీద ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతుంటే శబ్దం తగ్గించండి, జనం ఇంకా పెంచమన్నా సరే. ముందు మాడేది బాక్సులో సన్నని స్వరాలు పలికించే ట్వీటరే.

పర్మిషన్ కాగితం మిక్సర్ దగ్గరే ఉంచండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మోగించకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ ఏడాది ఇచ్చారో లేదో పోలీస్ స్టేషన్‌లోనే కనుక్కోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలం ఉంటే బాక్సుల ముఖం ఎటు తిప్పాలా అని ఆలోచించక్కర్లేదు, పందిరి చోటే మార్చుకోవాలి.

చివరగా, ఒక్కో వైరుకు రెండు కొసలా కాగితం టేపు చుట్టి పేరు రాయండి: ‘పంతులుగారి మైకు’, ‘ఫోన్’, ‘కీబోర్డు’. టార్చి, రెండు ఫ్యూజులు, కార్డ్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు ఒక డబ్బాలో పెట్టండి. తొమ్మిది రోజులూ ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషి ఎవరో కమిటీ మీటింగులోనే తేల్చుకోండి.