తెరచాపల కాలం ఫ్రిగేట్ సర్వీస్ హిస్టరీ మొత్తం వెలికి తీయడం ఎలా

ఒక పాత ఫ్రిగేట్, అంటే వేగంగా పోయే మధ్యస్థ సైజు యుద్ధనౌక, ఏ ఏడు ఎక్కడుంది, ఎవరి కింద పనిచేసింది, చివరికి ఏమైంది అని వరసగా రాసుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఉదాహరణకి హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీని (హెచ్‌ఎంఎస్ అంటే బ్రిటిష్ నేవీ ఓడ అని గుర్తు) తీసుకుందాం, ఎందుకంటే అది బొంబాయిలో జంషెడ్జీ బొమన్జీ వాడియా టేకుతో కట్టిన ఓడ, 1817 అక్టోబర్ 12న నీళ్లలోకి దిగింది, ఇప్పటికీ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది, వెళ్తే ఎక్కి చూడొచ్చు.

ముందు పేర్ల సంగతి తేల్చుకోండి. 1897లో దీన్ని తుక్కు కింద అమ్మేస్తే వీట్లీ కాబ్ అనే ఆయన కొనుక్కుని, బ్లాక్‌పూల్ ఒడ్డుకి కొట్టుకొచ్చి పాడైపోయిన తన ట్రైనింగ్ షిప్ ఫూద్రొయాంట్ పేరే దీనికీ పెట్టాడు. ఆ పేరు 1992 దాకా ఉంది, కాబట్టి పాత పేరుతో మాత్రమే వెతికితే ఇరవయ్యో శతాబ్దం దాదాపు మొత్తం మీకు కనపడదు.

నీళ్లలోకి దింపిన తేదీ నుంచి సర్వీస్ లెక్కేయొద్దు, చాలామంది ఇక్కడే తప్పుతారు. ట్రింకోమలీ 1819లో పోర్ట్స్‌మత్ చేరేసరికి నెపోలియన్ యుద్ధాలు అయిపోయాయి, దాంతో తీసుకెళ్లి పక్కన కట్టేశారు, మొదటి కమిషన్, అంటే కెప్టెన్‌నీ సిబ్బందినీ పెట్టి ఓడని పనిలోకి దింపడం, వచ్చింది 1847లో. అంటే కట్టిన ముప్పై ఏళ్లకి! ఆ కమిషన్ ఉత్తర అమెరికా, వెస్టిండీస్ వైపు, రెండోది 1852 నుంచి 1857 దాకా పసిఫిక్‌లో. మీరు రాసే పట్టికలో కమిషన్‌కి ఒక వరస పెట్టి కెప్టెన్ పేరు, స్టేషన్ (ఓడ పనిచేసిన సముద్ర ప్రాంతం), మొదలు, ముగింపు రాసుకోండి, ఖాళీగా కట్టేసిన ఏళ్లకి కూడా వరస పెట్టండి, అదీ ఓడ జీవితమే కదా.

ఇప్పుడు తేదీల దగ్గరికొద్దాం, దీనికి ఎంత టైమ్ పెట్టినా తక్కువే. 1805 చివరి దాకా బ్రిటిష్ నేవీ లాగ్ పుస్తకంలో (ఓడలో ఏ రోజుకారోజు రాసే చిట్టా) రోజు అర్ధరాత్రి కాదు, ముందురోజు మధ్యాహ్నం 12కే మొదలయ్యేది, అంటే మన లెక్కలో 15 సాయంత్రం జరిగింది లాగ్‌లో 16 కింద పడుతుంది. మన విశాఖపట్నం యుద్ధమే చూడండి, 1804 సెప్టెంబర్ 15న ఫ్రెంచ్ అడ్మిరల్ లినోయా తన పెద్ద ఓడ మరెంగోతో పాటు అటలాంట్, సెమియాంట్ అనే రెండు ఫ్రిగేట్లు తీసుకొచ్చి విశాఖ రేవులో ఉన్న హెచ్‌ఎంఎస్ సెంచూరియన్ మీద పడ్డాడు. పోరు పొద్దున మొదలై మధ్యాహ్నం దాటాక ఆగింది, కాబట్టి ఒకే పోరాటం లాగ్‌లో రెండు తేదీల కింద చీలిపోతుంది, ఇది తెలీకపోతే రెండు యుద్ధాలు జరిగాయని రాసేస్తాం. అందుకే 1806కి ముందు తేదీ ఏదైనా సరే పక్కన గంట కూడా రాసుకోండి.

ఫిరంగుల లెక్క కూడా నమ్మేయకండి. 38 ఫిరంగుల ఫ్రిగేట్ అంటే అది క్లాస్ పేరు, 1817కి ముందు క్యారొనేడ్‌లని (దగ్గరి నుంచి కాల్చే పొట్టి ఫిరంగులు) చాలావరకు ఆ లెక్కలో కలిపేవాళ్లు కాదు, అందుకే నిజంగా ఓడ మీద ఉన్నవి ఎక్కువ. పైగా ట్రింకోమలీని 1847కి ముందు మార్చి 26 ఫిరంగుల కార్వెట్ (ఫ్రిగేట్ కంటే కింది హోదా యుద్ధనౌక) చేశారు, ఓడ అదే, హోదా వేరు.

అసలు కాగితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. కెప్టెన్ లాగ్‌లు ఏడీఎం 51లో (ఏడీఎం అంటే నేవీ కాగితాల వరసకి అక్కడ పెట్టిన కోడ్, ADM), మాస్టర్ (ఓడకి దారి చూసే అధికారి) లాగ్‌లు 52లో, ఓడ లాగ్‌లు 53లో. పసిఫిక్ కమిషన్ కావాలంటే 53కే వెళ్లాలి, ఎందుకంటే 51 దాదాపు 1852తో ఆగిపోతుంది. సిబ్బంది పేర్లకి మస్టర్ పుస్తకాలు (ఓడ హాజరు పట్టీలు) ఏడీఎం 36, 37, 38లో చూడండి. కేటలాగ్ ఇంట్లో కూర్చునే వెతకొచ్చు, ఓడ పేరుతో పాటు ఏడు కూడా కొట్టండి.

చివరగా ఓడ పుట్టకముందు ఏం జరిగిందో కూడా చూడండి. ట్రింకోమలీ ప్లాన్లు మొదట హెచ్‌ఎంఎస్ జావాలో బొంబాయికి బయల్దేరాయి, 1812 డిసెంబర్‌లో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ల కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక ఆ జావాని ఓడించి తగలబెట్టేసింది, మళ్లీ ఇంకో సెట్ పంపాల్సొచ్చింది. ఓడ అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే జావా చరిత్ర కూడా తెరవాల్సిందే.